ఏమండీ అంటే పలకని ఊరు

షామ్‌బర్గ్
2011 సెప్టెంబరు 19, సోమవారం

ఆయనను ఇవాళ దించి వచ్చాము. "దించి" అన్న మాట జయంతిది, బడి దగ్గర పిల్లను దించినట్టు. నా కూతురి తెలుగు నేను ఎప్పుడూ సరిదిద్దుతాను. ఇవాళ దిద్దలేదు. వేరే మాట నాకూ దొరకలేదు.

కారణం ఇక్కడ రాసి ఉంచుతాను, తరవాత ఎవరూ మార్చి చెప్పకుండా. పోయిన బుధవారం తెల్లవారకముందే ఆయన తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. పంచె, పైన అల్లుడు రఘు కోటు, కాళ్ళకు ఏమీ లేవు. చెరువు పక్క మలుపులో నిలబడి ఉంటే పోలీసు కారు ఆపి అడిగాడట. ట్రామ్ కోసం చూస్తున్నాను అన్నారట. ఈ అమెరికా ఊళ్లో ట్రామ్ లేదు. ఇలా వెళ్ళడం ఇది మూడోసారి. జయంతి ఏడ్చింది. రఘు ఇలాంటివాళ్ళను చూసుకునే చోట్లన్నీ వెతికి పెట్టాడు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నది నేనే, నా చేత ఎవరూ ఒప్పించలేదు.

అక్కడ ముందు బల్ల దగ్గర అమ్మాయి మీ భర్త పేరు చెప్పండి అంది. నేను ఆయన కార్డు తీసి ఎదురుగా పెట్టాను. ఆమె చూసి, ఎలా పలకాలో చెప్పమంది. నేను జయంతి వైపు చూశాను. జయంతి చెప్పింది. మనవరాలు మనీషా నవ్వు ఆపుకుంటూ గోడ వైపు తిరిగింది. పదహారేళ్ళు వచ్చాయి, ఎక్కడ నవ్వాలో తెలియదు.

గది శుభ్రంగా ఉంది. కిటికీలోంచి కార్లు కనిపిస్తాయి. తలుపు మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో అంటించారు. ఇంగ్లీషులో ఉంది కనక ఫరవాలేదు.

సెప్టెంబరు 22

పొద్దున ఏమీ తినలేదని ఒకరు చెప్పారు. అంతా తిన్నారని ఇంకొకరు చెప్పారు. రెండూ నిజం కావడానికి వీల్లేదు.

సెప్టెంబరు 30

ఆయనను చూసుకునే ఆవిడ పేరు డనూటా. పోలండు మనిషి. యాభై దాటి ఉంటాయి, గొంతు పెద్దది. పనిలో వంక పెట్టడానికి లేదు. పెట్టాలనే చూశాను.

మధ్యాహ్నం పెరుగన్నం కలిపి తీసుకువెళ్ళాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. "ఏమండీ" అన్నాను. కదల్లేదు. దగ్గరికి వెళ్ళి మళ్ళీ అన్నాను. చెవులకు ఏ లోపమూ లేదని మొన్ననే పరీక్ష చేసి చెప్పారు. మూడోసారి గట్టిగా అన్నాను. పెళ్ళయిన నలభై తొమ్మిదేళ్ళలో అంత గట్టిగా అనలేదు. అప్పుడు గుమ్మంలోంచి డనూటా "హానూ" అంది. అది పేరు కూడా కాదు, పేరులో ముందు ముక్క. ఆయన ఠక్కున తిరిగి నవ్వారు.

నవ్వింది ఆవిణ్ణి చూసి. తరవాత నన్ను చూసి లేచి నిలబడ్డారు, పరాయి ఆడవాళ్ళు గదిలోకి వస్తే నిలబడినట్టు.

చెంచా నోటి దగ్గర పెడితే చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దమ్మా. మీరెవరో పెద్దింటివారిలా ఉన్నారు. మా ఆవిడకి తెలిస్తే బాగుండదు."

"మీ ఆవిడ ఎక్కడుంది?"

"తెనాలిలో. పిల్ల చిన్నది. ఇక్కడికి తీసుకురావడానికి గవర్నమెంటు ఒప్పుకోదు."

నేనే మీ ఆవిణ్ణి అని చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. గిన్నె తోసేశారు. అన్నం నేల మీద పడింది. తుడవబోతే డనూటా నన్ను పక్కకు తప్పించి తనే తుడిచింది.

అక్టోబరు 5

అక్కడి పైఅధికారి, కళ్ళజోడు అమ్మాయి, నన్ను కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడింది. నేను వెళ్ళిన రోజుల్లో ఆయన సాయంత్రం దాకా స్థిమితంగా ఉండడం లేదట. భార్యనని నేను పట్టుబట్టడం వల్ల ఆయన భయపడుతున్నారట. తినిపించడం వాళ్ళకు వదిలేసి వారానికి ఒకసారి రమ్మంది, అదీ దూరంగా కూర్చుని. వచ్చే నెల ఎలాగూ ఇండియా వెళ్ళి వస్తున్నారు కదా, వచ్చాక ఒకసారి చూసి నిర్ణయిద్దాం అంది.

బడిలో ముప్పైమూడేళ్ళు నేను ఇలాగే తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాను. మర్యాదగానే చెప్పాను.

వారానికి ఒకసారి. దూరంగా.

అక్టోబరు 8

భోజనాల దగ్గర జయంతి ఈ సంగతి ఎత్తింది. మనీషా ఫోను పక్కన పెట్టి, అంటే నేను పెట్టమంటే పెట్టి, "అమ్మమ్మా, పేరుతో పిలువు. డన్. డనూటా పిలిస్తే తాతయ్య చూస్తాడు కదా. వాట్స్ ద బిగ్ డీల్?" అంది.

"చూస్తారు అనాలి" అన్నాను.

"ఓకే, చూస్తారు. నా తెలుగు ఫిక్స్ చేస్తావు. తాతయ్యని పిలవవు."

"మనీషా, ఎనఫ్" అంది జయంతి.

ఆ పిల్ల ఊరుకోలేదు. ఆయన పేరును నాలుగు ముక్కలు చేసి, చిన్నపిల్లకు నేర్పినట్టు నా ముందు ఒక్కొక్క ముక్కే పలికి, "ఈజీ" అంది. రఘు నీళ్ళు తాగే నెపంతో లేచి వెళ్ళాడు. నేను కంచం తీసుకుని లేచాను.

ఇందులో మూఢనమ్మకం ఏమీ లేదు. పేరు పలికితే ఆయుర్దాయం తగ్గుతుందని మా అత్తగారు అనేవారు. నేను లెక్కలు చెప్పినదాన్ని, ఎన్నడూ నమ్మలేదు. అలవాటు, అంతే. ఒక్కసారి మాత్రం పలికాను. పెళ్ళయి ఆయన ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు మా ఆడపడుచు గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి, మొగుడి పేరు చెబితేగాని లోపలికి రానివ్వనంది. అందరికీ అదే ఆచారం. వెనక బంధువులంతా నిలబడ్డారు, ఎండ. పెదవి కదిలీ కదలకుండా అన్నాను. వినబడలేదు, మళ్ళీ అను అంది ఆవిడ. ఆయన పక్కనుంచి, నాకు వినబడింది, చాల్లే అన్నారు.

ఆ తరవాత అవసరం రాలేదు.

అక్టోబరు 15

వారానికి ఒకసారి అన్నారు కనక శనివారం వెళ్ళాను. గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆయన డనూటాకు దారి చెబుతున్నారు. ఇంగ్లీషులో, ఆఫీసులో మాట్లాడినంత స్పష్టంగా. స్టేషను దిగాక రెండు కాలవలు దాటాలి. రెండో కాలవ వెంట ఎడమకు వెళ్తే గోపురం వస్తుంది, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, పడుతుందని భయపడొద్దు. గోపురం వెనక వంతెన దాటి కుడికి తిరిగితే చేపల కొట్లు. అక్కడ ముక్కు మూసుకుని ఎడమకు. సంత చౌకు. గురువారమైతే సంత ఉంటుంది. చౌకు చివర పెద్ద చర్చి, దాని వెనక సన్న కాలవ, కాలవ ఒడ్డున ఆకుపచ్చ తలుపు. మేడ మీద ముందు గది నాది. వచ్చి పిలిస్తే దిగి వస్తాను.

డనూటా తల ఊపుతూ ఆయన గోళ్ళు తీస్తోంది. అది ఏ ఊరో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. డెల్ఫ్ట్. 1972లో కాలవల శాఖ వాళ్ళు ఆయనను హాలండులో పదకొండు నెలల చదువుకు పంపారు. ఒక్కరినే. నాకు బడి, జయంతికి నాలుగేళ్ళు, మంచం మీద అత్తగారు. తిరిగి వచ్చాక ఏడాదిపాటు ఆ ఊరు తప్ప వేరే మాట లేదు. అక్కడ ఇంటావిడ, తోటివాళ్ళు అందరూ ఆయనను పేరులో ముందు ముక్కతో పిలిచేవారట. నువ్వు వస్తే ముందు ఆ ఒరిగిన గోపురం చూపిస్తాను అనేవారు. నేను వినీ వినక పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని.

ట్రామ్ అంటే హేగ్ వెళ్ళే ట్రామ్. ఆదివారం అన్నం తినడానికి వెళ్ళేవారు.

అక్టోబరు 16

తెనాలిలో మా అక్క సంవత్సరీకాలు నవంబరు మొదటి వారంలో. తిరుగు ప్రయాణం ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా. అక్కడ ఒక పగలు, ఒక రాత్రి ఆగేటట్టు టికెట్టు మార్చమని రఘుకు చెప్పాను. వరసగా అన్ని గంటలు కూర్చుంటే కాళ్ళు పట్టేస్తున్నాయి. అమెరికా పాస్‌పోర్టు కనక వీసా అక్కరలేదు. "ఒక్కదానివి ఎందుకమ్మా?" అని జయంతి గొడవ. కాళ్ళకోసమని చెప్పాను.

గురువారమే దొరికింది.

అక్టోబరు 26

దీపావళి. దూరంగా కూర్చున్నాను. ఆయన కొత్త స్వెట్టరు వేసుకున్నారు. మడత నేను పెట్టిందే.

తెనాలి
నవంబరు 4

అక్క సంవత్సరీకాలు సక్రమంగా జరిగాయి. అందరూ ఆయన గురించి అడిగారు. బాగానే ఉన్నారని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆయన బాగానే ఉన్నారు.

ఆమ్‌స్టర్‌డామ్, విమానాశ్రయం పక్క హోటల్
నవంబరు 17, గురువారం

సాయంత్రం ఆరు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రాస్తున్నాను. కాళ్ళ విశ్రాంతికోసం ఆగి పొద్దుటి నుంచి నడిచాను.

పెట్టె హోటల్లో పెట్టి, విమానాశ్రయం కిందే ఉన్న స్టేషనులో రైలెక్కాను. గంట కూడా పట్టలేదు. కిటికీలోంచి బయట అంతా నీళ్ళు, పచ్చిక, నీళ్ళు. ఆకాశం తడిపి పిండని గుడ్డలా ఉంది. కాలవలు రూళ్ళకర్రతో గీసినట్టు తిన్నగా పోతున్నాయి. ఇందుకే ఈ ఊరి కాలవలు అని అంతగా చెప్పేవారు. మన డెల్టా కాలవలకు ఒడ్డు ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండదు.

డెల్ఫ్ట్ స్టేషను చుట్టూ తవ్వి పోశారు. రైలును భూమిలోకి దింపుతున్నారట. ఆ గోతులు చూసి దారి తప్పుతానేమో అనుకున్నాను. పటం కొనలేదు. రైల్లో పక్కావిడ తన పటం ఇవ్వబోతే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు రాయడం కష్టం కాదు. ఆయన చెప్పిన దారి సరైనదా కాదా చూడాలనుకున్నాను. బుర్ర పాడైందని అందరూ రాసి ఇచ్చిన మనిషి చెప్పిన దారి. ఒక్క మలుపు తప్పినా నాకు కొంత తేలిక అయ్యేది.

రెండు కాలవలు దాటాను. రెండోదాని వెంట ఎడమకు తిరిగాను. చెట్లకు ఆకులు లేవు. సైకిళ్ళు వంతెన కమ్మీలకు గొలుసులతో కట్టి ఉన్నాయి. ఇళ్ళు సన్నగా, పొడుగ్గా, ఒకదాన్ని ఒకటి ఆనుకుని, ప్రార్థనకు వరసలో నిలబెట్టిన పిల్లల్లా. నీళ్ళు కదలడం లేదు. ఇక్కడ నీళ్ళు పారవు వసంతా, నిలబడి ఆలోచిస్తాయి అనేవారు. అప్పుడు నవ్వాను.

గోపురం వచ్చింది. ఒరిగే ఉంది. కింద నిలబడి తల ఎత్తితే కళ్ళు తిరిగి వంతెన పట్టుకున్నాను. అక్కడే ఒక బల్ల మీద కూర్చుని తెనాలి నుంచి తెచ్చుకున్న చేగోడీలు తిన్నాను. చినుకులు మొదలయ్యాయి. నువ్వు వస్తే ముందు ఇది చూపిస్తానన్నారు. చూశాను. చూపించడానికి పక్కన మనిషి ఉంటే ఏమని ఉండేదాన్నో తెలియదు. బహుశా చలిగా ఉంది, పదండి అని ఉండేదాన్ని.

వంతెన దాటి కుడికి. చేపల కొట్లు ఎక్కడా కనబడలేదు, ముందు వాసన వచ్చింది. ఆ తరవాత కొట్లు. నలభై ఏళ్ళయినా అక్కడే ఉన్నాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎడమకు తిరిగాను. సంత చౌకు.

సంత ఉంది. పూలు, జున్ను చక్రాలు, ఊలు మేజోళ్ళు, నీలం బొమ్మలు వేసిన పింగాణీ. అందరూ జంటలుగా, గుంపులుగా గొడుగుల కింద మెల్లగా తిరుగుతున్నారు. చీర మీద కోటు వేసుకుని ఒక్కతే తిరిగే ముసలమ్మను ఎవరూ వింతగా చూడలేదు. అదే వింతగా తోచింది. చర్చిలో గంటలు పాటలాగా మోగాయి. లోపలికి వెళ్ళాను. రాజుల సమాధులు. అక్కడ ఉన్నవాళ్ళంతా గుసగుసగా మాట్లాడుతున్నారు, చచ్చిపోయినవాళ్ళు లేస్తారని భయం ఉన్నట్టు. పైకి ఎక్కే మెట్లు ఉన్నాయన్నారు, ఎక్కలేదు. ఒక చిన్న హోటల్లో టీ తాగాను. టీలో పాలు అడిగితే ఆ అబ్బాయి జాలిగా చూశాడు. రసీదు తీసుకున్నాను.

చర్చి వెనక సన్న కాలవ. రెండు సైకిళ్ళు పక్కపక్కన పట్టనంత ఇరుకు రోడ్డు. ఆకుపచ్చ తలుపు.

రంగు కొత్తది. ఆకుపచ్చే వేశారు.

ఎంతసేపు నిలబడ్డానో రాయను. కిటికీకి తెర లేదు, ఈ ఊళ్లో వేయరట, అదీ ఆయన చెప్పిందే. లోపల దీపం, బల్ల, బల్ల మీద చిన్నపిల్ల బూట్లు. మేడ మీద ముందు గది కిటికీ చీకటిగా ఉంది. దారి అంతా సరిపోయింది. ఒక్క మలుపు తప్పలేదు. పొద్దున ఏం తిన్నారో చెప్పలేని మనిషి నలభై ఏళ్ళ కిందటి చేపల వాసన దగ్గర ఏ పక్కకు తిరగాలో చెప్పారు. నా చేతికి పేపరు ఇస్తే నూటికి నూరు వేయక తప్పదు. ఆయన దారి తప్పిపోలేదు. ఆయన ఇక్కడ ఉన్నారు. నేనే ఇక్కడ లేను, ఏనాడూ లేను. ఇక్కడ లేని మనిషిని ఇక్కడ ఎలా గుర్తుపడతారు?

వచ్చి పిలిస్తే దిగి వస్తానన్నారు.

ఏమండీ అని ఈ వీధిలో ఆయనను ఎవరూ పిలిచి ఉండరు.

మొదటిసారి పిలవబోతే దగ్గు వచ్చింది. అటూ ఇటూ చూశాను, ఎవరూ లేరు, ఉన్నా ఇక్కడ ఎవరికి తెలుసు, ఎవరికి తప్పు. రెండోసారి "హనుమయ్యగారూ" అన్నాను. గారు చేర్చాను. చేర్చకుండా నావల్ల కాలేదు. నీళ్ళ మీద నా గొంతు నాకే వినబడింది, బడిలో హాజరు పిలిచే గొంతు. మూడోసారి పైకి చూస్తూ పిలిచాను.

వెనక ఎవరో సైకిలు దిగారు. నలభై ఏళ్ళావిడ, సంచుల్లోంచి ఉల్లికాడలు కనిపిస్తున్నాయి. ఆ ఇల్లు ఆవిడదేనట. ఎవరికోసం అని ఇంగ్లీషులో అడిగింది. చాలాకాలం కిందట ఇక్కడ మేడ మీద అద్దెకున్న ఆయనకోసం అన్నాను.

"ఇప్పుడు ఆయన లేరా?"

"ఉన్నారు" అన్నాను. తరవాత సరిచేసుకుని "లేరు" అన్నాను.

ఆవిడ నా ముఖం చూసి, వానలో ఎందుకు, లోపలికి రండి, కావాలంటే ఆ గది చూడండి అంది. బూట్లు తడిగా ఉన్నాయని చెప్పాను. ఫరవాలేదంది. రైలుకు టైమవుతోందని చెప్పాను. రైలు పావుగంటకొకటి ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు అదే దారిని చివరి నుంచి మొదటికి నడిచాను. చేపలు, వంతెన, గోపురం. వెళ్ళేటప్పటికన్నా ఎక్కువ ఒరిగినట్టు కనిపించింది.

షామ్‌బర్గ్
నవంబరు 18

జయంతి ఎయిర్‌పోర్టుకు వచ్చింది. కాళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. నయం అన్నాను. రేపు పదకొండుకు వాళ్ళు రమ్మన్నారట, నిర్ణయించడానికి.

నవంబరు 19, శనివారం

కళ్ళజోడు అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, మేము బయటే ఉంటాం, ఆయన ఇబ్బందిపడితే మీరు వెంటనే వచ్చేయాలి అంది. డనూటా ఆమె పక్కన నిలబడింది. జయంతి నా చేతిలో గిన్నె పెట్టి వెనక్కి తగ్గింది. తలుపు తీసే ఉంది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను గడప దాటలేదు.

పిలిచాను. పూర్తి పేరు, గారు చేర్చి, వెనక ఉన్న ముగ్గురికీ వినబడేటట్టు.

నా కూతురు నా నోట ఆ మాట వినడం ఇదే మొదలు.

ఆయన తిరిగారు. ముఖం విప్పారింది. "రండి రండి. తెలుగువారా? ఈ ఊళ్లో తెలుగు మాట విని ఎన్నాళ్ళయిందో. కూర్చోండి. చలిలో ఎలా వచ్చారు?"

"స్టేషను నుంచి నడిచే వచ్చాను. కాలవ వెంట."

"గోపురం చూశారా?"

"చూశాను. ఒరిగి ఉంది."

"పడదు" అన్నారు, తన పూచీ మీద నిలబెట్టినట్టు. "చేపల కొట్ల దగ్గర?"

"ముక్కు మూసుకున్నాను."

ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని రెండేళ్ళయింది. తరవాత సంత గురించి అడిగారు, జున్ను అడిగారు, గంటలు ఇంకా పాట వాయిస్తున్నాయా అని అడిగారు. అన్నీ చెప్పాను. పరీక్షకు చదువుకుని వెళ్ళిన పిల్లలా చెప్పాను. ఆకుపచ్చ తలుపు అన్నప్పుడు ఆయన ముందుకు వంగారు. మీకోసం పిలిచాను, మీరు లేరు అన్నాను. "అయ్యో, క్లాసులో ఉండి ఉంటాను" అని నొచ్చుకున్నారు.

మాటల్లో పెట్టి చెంచా అందించాను. తిన్నారు. రెండో చెంచా తిన్నారు. మన పెరుగులాగే ఉందే, ఎక్కడ దొరికింది అని అడిగారు. గిన్నె ఖాళీ అయ్యింది. గుమ్మం దగ్గర కళ్ళజోడు అమ్మాయి తల ఊపి వెళ్ళిపోవడం చూశాను. రోజూ రావచ్చునని తరవాత జయంతితో చెప్పిందట.

అక్కడితో ఊరుకుని ఉండవలసింది. పేరు పెట్టి పిలిస్తే పలికారు కదా, ఇంకొక్క అడుగు వేస్తే ఏమవుతుంది అనిపించింది.

"నేను మీ ఆవిణ్ణేమో, సరిగా చూడండి" అన్నాను. నవ్వుతూనే అన్నాను, మాట తప్పిపోతే వెనక్కి తీసుకోవడానికి వీలుగా.

ఆయన నిజంగానే చూశారు. నా ముఖం అంతా చూశారు. కోపం రాలేదు, భయపడలేదు. తల అడ్డంగా ఊపారు.

"మా ఆవిడ అయితే పేరు పెట్టి పిలవదండీ. ప్రాణం పోయినా పిలవదు. మా ఇంటి గుమ్మంలో మా అక్కయ్య ఎంత సతాయించినా పెదవి విప్పలేదు. నేనే చాల్లే అని ఆపాను. వసంతలక్ష్మి అని, బాలికల హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. మహా పట్టుదల మనిషి."

"మరి ఏమని పిలుస్తుంది?"

"ఏమండీ అంటుంది." కాసేపు కిటికీ వైపు చూశారు. "అందరి ఆడవాళ్ళూ అనే మాటే. కానీ ఆవిడ అంటే ఏ గదిలో ఉన్నా నాకు తెలిసిపోతుంది."

నేను గిన్నె మూత పెట్టాను. మూత సరిగా పడలేదు, మళ్ళీ పెట్టాను. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఆ కుర్చీకి ఇంత దగ్గరలో కూర్చుని ఆ మాట అనవచ్చు. సెప్టెంబరులో మూడుసార్లు అన్నాను. ఇవాళ కూడా తిరగకపోతే? ఏ గదిలో ఉన్నా తెలుస్తుందని ఆయన అనుకుంటున్నారు. అలాగే అనుకోనీ. అనలేదు.

లేవబోతుంటే నా కొంగు కాదు, కోటు చెయ్యి పట్టుకున్నారు. మర్యాదగా, రెండు వేళ్ళతో.

"మీరు మన వైపు ఎప్పుడైనా వెళ్తారా?"

"వెళ్తాను."

"తెనాలిలో దిగి మా ఆవిడకి ఒక్క మాట చెబుతారా? చలి ఎక్కువే కానీ స్వెట్టరు వేసుకుంటున్నానని. తిండికి ఇబ్బంది లేదని. ఒకావిడ పెరుగన్నం కూడా తెచ్చిపెట్టిందని చెప్పండి, ఏమీ అనుకోదు. కోర్సు సెప్టెంబరుకి అయిపోతుంది. వచ్చేస్తాను, దిగులు పడొద్దన్నానని చెప్పండి."

"చెబుతాను, హనుమయ్యగారూ."

లేచి నిలబడి నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను.

కారు జయంతి నడిపింది. మా వీధి మలుపులో, "నాన్న చివర్లో చెయ్యి పట్టుకుని ఏదో చెప్పారు. ఏమన్నారమ్మా?" అంది.

"బాగానే ఉన్నారట. సెప్టెంబరులో వస్తారట."

జయంతి ఇంటి ముందు కారు ఆపి స్టీరింగ్ మీద తల ఆనించింది. నేను దిగి ఇంట్లోకి వచ్చాను. మనీషా సోఫాలోంచి లేచి, నా ముఖం చూసి, అడగబోయింది మానేసి గిన్నె అందుకుంది.

రేపు మళ్ళీ వెళ్ళాలి. పెరుగు తోడు పెట్టాను.

కబురు అందింది.